మోడల్ పేరు కాదు, చేతిలో ఉన్న పీసు చూడండి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గిటార్ చుట్టూ తిరిగాయి. ప్లగ్ పెట్టుకునే గిటార్, అదీ చవకలో. షాపుల్లో దీన్ని సెమీ ఎకౌస్టిక్ అంటారు, కొందరు 'ఈక్యూ గిటార్' అని అడుగుతారు. లోపల పికప్ (తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చేది), పక్కన ఈక్యూ, అంటే గొంతు లావు, సన్నం సరిచేసే గుబ్బలు, అడుగున కేబుల్ పెట్టుకునే జాక్ ఉంటాయి. అందుకని ఈసారి కీబోర్డు, తబలా ప్రశ్నలు పక్కన పెట్టి దీనికే చోటిస్తున్నాను. తబలా వాళ్లు కోప్పడకండి, వచ్చే నెల మీదే.

ప్ర: మాస్టారూ, మాది తెనాలి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా చర్చి కొయిర్‌లో అన్నయ్య పాత గిటార్ వాయిస్తాను. దానికి పికప్ లేదు. ముందు మైకు పెట్టినా కీబోర్డు, ప్యాడ్స్ మధ్య ఎవరికీ వినపడదు. పన్నెండు వేలు కూడబెట్టాను. యమహా ఎఫ్ఎక్స్ 280 ఒకటి అనుకున్నాను. కోల్‌కతా కంపెనీది ఇంకొకటి ఉంది, ఐదు బ్యాండ్ల ఈక్యూ, ట్యూనర్ కూడా ఉన్నాయి, పైగా మూడు వేలు తక్కువ. ఏది కొనమంటారు? వచ్చే శనివారం విజయవాడ వెళ్తున్నాను.

జ: ఏది అన్నది నేను చెప్పను. తప్పించుకోవడానికి కాదు తమ్ముడూ. ఈ ధరలో ఫ్యాక్టరీ వాళ్లు డబ్బు మిగుల్చుకునేది చెక్క దగ్గర కంటే చేతిపని దగ్గర. చెక్క కోసేది మిషను, అది ఒకటో గిటార్‌నీ వెయ్యో గిటార్‌నీ ఒకేలా కోస్తుంది. ఆఖర్న ఫ్రెట్లు (మెడ మీది లోహపు అడ్డపట్టీలు) సమం చేయడం, నట్‌లో (తల దగ్గర తీగలు ఆనే ముక్క) గాళ్లు సరిగ్గా ఆకురాయితో దిద్దడం, బ్రిడ్జిలో (పొట్ట మీద తీగలు బిగించే చెక్క) తెల్ల ముక్క కుదురుగా కూర్చోబెట్టడం మనిషి చేతి మీద జరగాలి. అక్కడ రెండు నిమిషాలు తగ్గిస్తే గిటార్ ధర దిగుతుంది. అందుకే రెండు కంపెనీల మధ్య తేడా కంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్ రెండు పీసుల మధ్య తేడా ఎక్కువగా కనిపిస్తుంది. కోల్‌కతా గిటార్ల మీద నేర్చుకున్న తరం మాది, ఆ పేరు వింటే చిన్నచూపు నాకు లేదు. యమహా కూడా, మీరు అడిగినదానికి పికప్ లేని జోడీ అయిన ఎఫ్ 280ని చెన్నై దగ్గరి తన ఫ్యాక్టరీలోనే చేస్తోంది. కాబట్టి 'ఇంపోర్టెడ్ అండీ' అని షాపులో ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

మీరు శనివారం వెళ్లేటప్పుడు నాలుగు ప్లాస్టిక్ కార్డులు, ఒక విజిటింగ్ కార్డు, ఫోన్‌లో ట్యూనర్ యాప్, కొయిర్‌లో ఎవరిదైనా మంచి కేబుల్ తీసుకెళ్లండి. ఏటీఎం కార్డు, పాన్ కార్డు, ఏదైనా సరే. అంకెలు ఉబ్బెత్తుగా లేనివి చూసుకోండి. ఎందుకో చెప్తాను.

షాపులోకి వెళ్లగానే ప్లగ్ పెట్టమని అడగొద్దు. ముందు గిటార్ విడిగా ఎలా ఉందో తేలాలి. ట్యూన్ చేయండి, లేదా చేయించండి. ట్యూన్‌లో లేని గిటార్ మీద ఏ పరీక్షా నిలవదు. తీగల మీద బిగింపు లేనప్పుడు మెడ ఒకలా, ఉన్నప్పుడు ఇంకోలా ఉంటుంది. మామూలు 12–53 సెట్ (ఆ అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగలన్నీ కలిసి మెడని లాగే బరువు డెబ్బై కిలోల పైమాటే. ఇప్పుడు గిటార్‌ని ఎత్తి, వడ్రంగి పలక వంకర చూసినట్టు ఒక కన్ను మూసి, తల వైపు నుంచి మెడ అంచు వెంట బ్రిడ్జి దాకా చూడండి. మెడ తిప్పుడు పడి ఉంటే, అంటే ఒక అంచు పైకి ఇంకో అంచు కిందికి పోతుంటే, ఆ పీసు అక్కడే వదిలేయండి. దానికి చికిత్స లేదు.

తర్వాత ఆరో తీగ, లావుపాటిది. మొదటి ఫ్రెట్ దగ్గర ఎడమ చేత్తో, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర కుడి చేత్తో నొక్కి పట్టుకుని, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎంత సందు ఉందో చూడండి. విజిటింగ్ కార్డు పట్టేంత ఉంటే బాగుంది. అసలు సందే లేకపోతే మెడ వెనక్కి వంగింది. రెండు మూడు కార్డులు పడుతుంటే ముందుకి వంగింది. ఈ రెండూ మెడ లోపలి ఇనుప కడ్డీ తిప్పితే సరిపోతాయి, భయం లేదు. అయితే ఆ కడ్డీ నిజంగా పనిచేస్తుందో లేదో తిప్పి చూపించమనండి. దాని తాళంచెవి, అదే ఎల్-కీ, పెట్టెలో ఉందో లేదో కూడా అడగండి.

ఇప్పుడు ప్లాస్టిక్ కార్డుల సంగతి. బ్యాంకు కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. మూడు కలిపితే 2.3 దాకా వస్తుంది, నాలుగు కలిపితే 3. పన్నెండో ఫ్రెట్ మీద మూడు కార్డులు దొంతరగా పెట్టి ఆరో తీగ కిందకి జరపండి. తీగకి తగిలీ తగలకుండా దూరితే ఎత్తు సరిగ్గా ఉన్నట్టే. నాలుగూ సునాయాసంగా దూరిపోయి ఇంకా ఖాళీ ఉంటే తీగలు ఎత్తులో ఉన్నాయి. ఆదివారం గంటసేపు వాయించేసరికి మీ వేళ్లు మొండికేస్తాయి. షాపు అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

తీగలు ఎత్తులో ఉన్నాయని తేలితే వెంటనే కాదనకండి. బ్రిడ్జిలో నిలబడ్డ తెల్ల ముక్కని, అదే శాడిల్‌ని చూడండి. చెక్క పైకి మూడు నాలుగు మిల్లీమీటర్లు కనిపిస్తుంటే దాన్ని అడుగున అరగదీసి తీగలు దించవచ్చు, అరగంట పని. కానీ ఆ ముక్క ఇప్పటికే చెక్కలో మునిగిపోయినట్టు ఉండి, తీగలు ఇంకా ఎత్తులోనే ఉన్నాయంటే మెడ అతికిన కోణమే తప్పు. దాన్ని ఊడదీసి మళ్లీ అతికించడానికి అయ్యే ఖర్చుతో ఇంకో గిటార్ వస్తుంది. ఈ ఒక్క పరీక్ష గుర్తుంచుకుంటే మిగతావి మర్చిపోయినా పెద్దగా నష్టపోరు.

ఇంకో రెండు త్వరగా చూసేయండి. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. వెంట్రుక మందం చాలు. అంతకు మించితే నట్ ఎత్తు. 'ఎఫ్ కార్డ్ (ఒక వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే స్వరాల జత) పట్టలేకపోతున్నాను సార్' అని ఏడ్చే పిల్లల్లో సగం మంది తప్పు వాళ్ల వేళ్లది కాదు, ఈ నట్‌ది. తర్వాత ఒక్కో తీగనీ ఒక్కో ఫ్రెట్ దగ్గర నొక్కి, మెల్లగా మీటుతూ పైదాకా వెళ్లండి. ఎక్కడైనా జీర వస్తే అక్కడ ఫ్రెట్ ఎత్తుపల్లం ఉంది. ఒకటి రెండు చోట్ల అయితే రిపేరు చేయించుకోవచ్చు. ఐదారు చోట్ల అయితే ఇంకో పీసు తెమ్మనండి.

ఇక ప్లగ్. మీ కేబులే పెట్టండి. ఆంప్లిఫయర్‌లో రివర్బ్, అంటే ప్రతిధ్వని కలిపే గుబ్బ, సున్నాకి తిప్పమనండి. షాపుల్లో అది ఎప్పుడూ సగానికి పైనే ఉంటుంది. ప్రతి గిటార్‌కీ కేథడ్రల్‌లో మోగినంత గాంభీర్యం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు! గిటార్ మీది ఈక్యూ గుబ్బలన్నీ మధ్యలో పెట్టండి. వీలైతే గిటార్ ఆంప్‌లో కాకుండా కీబోర్డు ఆంప్‌లోనో, చిన్న మిక్సర్‌లోనో వినిపించమనండి. మీరు చర్చిలో పెట్టేది మిక్సర్‌కే కదా.

ఇక్కడ వినాల్సింది తీపిదనం కాదు, సమానత్వం. ఆరు తీగలూ ఒక్కొక్కటిగా ఒకే బలంతో మీటండి. ఒకటి గట్టిగా, పక్కది నీరసంగా వస్తోందా? పోయిన వానాకాలంలో నా బల్ల మీదకి ఇలాంటిదే ఒకటి వచ్చింది. ఆరో తీగ హాలు దద్దరిల్లేట్టు, మొదటి తీగ ఉందో లేదో తెలియనట్టు. కుర్రాడు ఈక్యూ మార్పించాలని వచ్చాడు. తీగలు వదులు చేసి శాడిల్ పైకి లాగితే, దాని కింద ఉండే సన్నటి పికప్ పట్టీ మీద, సరిగ్గా మొదటి తీగ కిందే, రంపపు పొట్టు చుట్ట ఒకటి గోరంత ఉంది. ఫ్యాక్టరీలో గాడి తీసినప్పుడు మిగిలిపోయింది. దాన్ని బ్రష్‌తో తుడిచి, గాజు పలక మీద 320 నంబరు సాండ్‌పేపర్ అతికించి, శాడిల్ అడుగుని పది సార్లు నిటారుగా రుద్ది మళ్లీ పెట్టాను. అన్ని తీగలూ దారికొచ్చాయి. ఈక్యూలో ఏ లోపమూ లేదు.

ఆ పట్టీ పనిచేసే తీరు తెలిస్తే మీకే అర్థమవుతుంది. కొన్ని స్ఫటికాల మీద ఒత్తిడి పెడితే కరెంటు పుడుతుందని పియెర్ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లో చూపించారు. తర్వాతి కాలంలో అమెరికాలో ఒవేషన్ కంపెనీ ఆ గుణాన్ని గిటార్ బ్రిడ్జి కిందకి తెచ్చి ప్రచారం చేసింది. తీగ కదిలినప్పుడల్లా శాడిల్ పట్టీని నొక్కుతుంది, పట్టీ సన్నటి సంకేతం పుట్టిస్తుంది, పక్కనున్న ప్రీ ఆంప్ దానికి బలం ఇస్తుంది. నొక్కుడు అన్నిచోట్లా సమంగా లేకపోతే ప్రీ ఆంప్ ఏం చేస్తుంది పాపం? ఐదు బ్యాండ్లు ఉన్నా అంతే, పది ఉన్నా అంతే. ట్యూనర్ మీ ఫోన్‌లో ఉంది కాబట్టి దానికి నా దగ్గర మార్కుల్లేవు.

ఆఖర్న వాల్యూమ్ పూర్తిగా పెంచి, చేతులు తీసేసి, ఊరికే వినండి. 'స్' అనే చప్పుడు కొంచెం ఉండటం మామూలే. గుబ్బ తిప్పినప్పుడు కరకర వచ్చినా, జాక్ దగ్గర కేబుల్‌ని వేలితో కదిపితే శబ్దం తెగిపోతున్నా వద్దని చెప్పండి.

రెండూ ఈ పరీక్షలు దాటితే తక్కువ ధరదే కొనండి. మిగిలిన మూడు వేలలో ఒక సెటప్ (మెడ, నట్, తీగల ఎత్తు సరిచేయించడం), కొత్త ఫాస్ఫర్ బ్రాంజ్ తీగల సెట్, మిగిలితే మామూలు పాసివ్ డీఐ బాక్స్ (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె). ఈ మూడింటితో తొమ్మిది వేల గిటార్, పెట్టెలోంచి తీసి అలాగే వాయించే పన్నెండు వేల గిటార్‌ని మించిపోతుంది. ఒకటే దాటితే అదే కొనండి, ధర చూడొద్దు. 'ప్లగ్ పెట్టి చూపించడం కుదరదు బాబూ' అంటే ఇంకో షాపుకి నడవండి, విజయవాడలో షాపులకి కరువా?

ప్ర: నమస్కారమండీ. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. నిజామాబాద్‌లో గిటార్ క్లాసులో చేర్పించాను. షాపాయన 'సాలిడ్ టాప్, పికప్ రెండూ ఉన్నది తీసుకోండి, జీవితాంతం పనికొస్తుంది' అని ఇరవై ఐదు వేల గిటార్ చూపిస్తున్నారు. అంత అవసరమా?

జ: అవసరం లేదమ్మా. అమ్మాయి స్టేజీ ఎక్కే దాకా పికప్‌తో పనే లేదు. ఆ డబ్బుకి బదులు పికప్ లేని మంచి గిటార్ కొనండి. రెండేళ్ల తర్వాత కాలేజీ ఫంక్షన్‌లో వాయించాల్సి వస్తే, భుజం పట్టీ తగిలించే గుండీ దగ్గర చిన్న రంధ్రం చేసి పికప్ పెట్టించుకోవచ్చు. లేదంటే ధ్వని రంధ్రానికి అడ్డంగా బిగించే పికప్ ఒకటి కొనుక్కోవచ్చు, చెక్కకి గీత కూడా పడదు.

సాలిడ్ టాప్ అంటే పై పలక ఒకే చెక్క. లామినేట్ అంటే పల్చటి పొరలు అతికించింది. చూసి తెలుసుకోవడం తేలిక. ధ్వని రంధ్రం అంచు దగ్గర టార్చ్ వేసి చూడండి. పైన కనిపించే చెక్క గీతలు అంచు మీదుగా లోపలికి దిగితే ఒకే చెక్క, అడ్డంగా పొరలు కనిపిస్తే లామినేట్. ఒకే చెక్కకి గొంతు బాగుంటుంది, వయసుతో ఇంకా తెరుచుకుంటుంది. నిజమే. ఫెండర్ సీడీ-60ఎస్‌సీఈ, యమహా ఎఫ్‌జీఎక్స్ 800సీ లాంటివి ఆ తరగతివే, వాటిని తప్పు పట్టను. కానీ ఒకే చెక్కకి వాతావరణం అంటే పడదు. మీ నిజామాబాద్ మే నెలలో, అదీ ఏసీ గదిలో, చెక్క ఎండి కుంచించుకుపోతుంది, పగుళ్లు వస్తాయి. గాలిలో తేమ సుమారు నలభై ఐదు నుంచి యాభై ఐదు శాతం ఉండేలా చూసుకోవాలి. గిటార్‌ని పెట్టెలోంచి తీసి మంచం మీద పడేసే వయసు పిల్లలకి లామినేటే క్షేమం.

మీరు అడగనిది ఒకటి చెప్తాను. షాపాయన చూపించింది డ్రెడ్‌నాట్ సైజు అయ్యుంటుంది, పెద్ద ఒళ్లు. అమ్మాయి భుజం సన్నదైతే కుడి చెయ్యి దాని మీదుగా చాచలేక నెల రోజుల్లో మెడ నొప్పి అంటుంది. కన్సర్ట్ సైజు, అంటే కాస్త చిన్న ఒళ్లున్నది, ఒకటి ఒళ్లో పెట్టించి, అద్దం ముందు కూర్చోబెట్టి చూడండి. భుజం చెవి వైపు లేస్తుంటే ఆ సైజు వద్దు.

ప్ర: మాస్టారు గారూ, రాజమండ్రిలో మేం నలుగురం కలిసి పెళ్లిళ్లకి, రిసెప్షన్లకి వాయిస్తాం. ఇంట్లో నా గిటార్ బాగానే ఉంటుంది. ఫంక్షన్ హాల్లో కాస్త పెంచగానే 'బూఁ' అని ఊళ వేస్తుంది. వేల రూపాయలు పెట్టి ఖరీదైన గిటార్ కొంటే తగ్గుతుందా?

జ: తగ్గకపోగా పెరగొచ్చు! బాగా మోగే గిటార్ అంటే బాగా కంపించే పలక. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం ఆ పలకని మళ్లీ కదుపుతుంది, పికప్ అది పట్టుకుంటుంది, స్పీకర్ ఇంకా గట్టిగా అరుస్తుంది. ఇది చుట్టూ తిరిగే వ్యవహారం. కాస్త మొద్దుగా ఉండే లామినేట్ గిటార్ స్టేజీ మీద తక్కువ అరుస్తుంది. ఊళ వేసే స్వరం సాధారణంగా వంద హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, డొల్లలోని గాలి మోగే స్వరం అదే.

ముందు మానిటర్ స్పీకర్ మీ గిటార్ పొట్టకి ఎదురుగా ఉందేమో చూడండి. పక్కకి తిప్పండి, లేదా మీరే పక్కకి జరగండి. సగం గొడవ అక్కడే తీరుతుంది. ధ్వని రంధ్రానికి రబ్బరు మూత దొరుకుతుంది, కొన్ని వందల రూపాయలే. పెడితే ఇంట్లో గొంతు పూడుకుపోయినట్టు ఉంటుంది, స్టేజీ మీద మాత్రం ప్రాణం నిలబెడుతుంది. ప్రీ ఆంప్ మీద నాచ్ (ఊళ వేసే ఒక్క స్వరాన్నే తగ్గించేది) అనో, ఫేజ్ అనో రాసి ఉంటే వాడండి. ఫేజ్ మీట ఒకసారి నొక్కి చూడండి, ఏ వైపు తక్కువ అరిస్తే అటు వదిలేయండి. దాని వెనక పెద్ద సిద్ధాంతం ఉంది, ప్రస్తుతానికి అక్కర్లేదు.

బాస్ గుబ్బ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు బాస్ పెంచితే కడుపు నిండినట్టుంటుంది. మీ జట్టులో కీబోర్డు ఎడమచెయ్యి, ప్యాడ్స్ అప్పటికే ఆ చోటు ఆక్రమించేశాయి. మీరు కూడా అక్కడికే వెళ్లి తోసుకోవడం ఎందుకు? బాస్ సగానికి దించండి. మిడ్, అంటే మధ్య స్వరాల గుబ్బ, కూడా కొంచెం దించితే, ఈ పికప్‌లకి పుట్టుకతో వచ్చే ఆ బాతు అరుపు లాంటి 'క్వాక్' తగ్గుతుంది. హాలు చివర్న నిలబడి విన్న మనిషిని అడగండి, మీ చెవిని కాదు.

ప్ర: బ్యాటరీ వారం తిరక్కుండా అయిపోతోంది. గిటార్‌లో ఏదో లోపం ఉన్నట్టేనా? – కర్నూలు పాఠకుడు

జ: వాయించడం అయ్యాక కేబుల్ గిటార్‌లోనే వదిలేస్తున్నారు కదూ? ఈ గిటార్లలో చాలావాటికి ఆన్-ఆఫ్ స్విచ్ ఉండదు. జాక్‌లో కేబుల్ దూరగానే ప్రీ ఆంప్ మేలుకుంటుంది, కేబుల్ తీస్తేనే నిద్రపోతుంది. ఆంప్ ఆపేసినా ఇది మేలుకునే ఉంటుంది. కేబుల్ గిటార్ చివర తీసేయండి. అలా చేసినా అయిపోతుంటే జాక్ మార్పించండి. అన్నట్టు, ఈ 9 వోల్టుల బ్యాటరీ నీరసపడితే గిటార్ ఒక్కసారిగా ఆగిపోదు, ముందు గొంతు చీలుతుంది. పెళ్లికి వెళ్లేటప్పుడు సంచిలో ఇంకొకటి ఉంచుకోవాలని చెప్పక్కర్లేదనుకుంటాను.

ప్ర: అంకుల్, మేం న్యూజెర్సీలో ఉంటాం. డిసెంబర్‌లో విశాఖ వస్తున్నాను. మా తమ్ముడికి గిటార్, చిన్న ఆంప్ ఇక్కడి నుంచి తేనా, అక్కడే కొననా? ఇక్కడ సెకండ్ హ్యాండ్ చాలా చవక.

జ: గిటార్ తెండి, ఆంప్ తేకండి. గిటార్ నడిచేది బ్యాటరీ మీద, దానికి ఏ దేశమైనా ఒకటే. మీ దగ్గర గోడలో వచ్చేది 120 వోల్టులు, ఇక్కడ 230. మీరు తెచ్చిన ఆంప్ ఇక్కడ ప్లగ్‌లో పెట్టిన క్షణంలో పొగ వస్తుంది. వెనక రెండు వోల్టేజీలూ రాసి ఉన్నదైతే వేరే సంగతి. లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కొని, దాన్ని మోసుకు తిరగాలి. ఆంప్ విశాఖలోనే కొనండి.

అక్కడ పాతది కొనేటప్పుడు కూడా తెనాలి తమ్ముడికి చెప్పిన కార్డుల పరీక్షే చేయండి. దానితో పాటు బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరుతుందేమో చూడండి. దూరితే బ్రిడ్జి లేస్తోంది. మీ చలికాలంలో హీటర్ల వల్ల ఇంటి గాలి బాగా పొడిబారుతుంది. అప్పుడు చెక్క కుంచించుకుపోయి, మెడ పక్కన చెయ్యి రాస్తే ఫ్రెట్ల కొనలు రంపంలా గుచ్చుకుంటాయి. అలాంటిది ధర తగ్గించి అడగడానికి పనికొస్తుంది, ఆకురాయితో పోతుంది. అదే గిటార్ మా విశాఖ సముద్రపు గాలికి వచ్చాక తేమ పీల్చుకుంటుంది, పై పలక కొద్దిగా ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి. కాబట్టి దిగిన రోజే సెటప్ చేయించకండి. రెండు మూడు వారాలు ఇక్కడి గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు చేయించండి. విమానంలో తీగలు కాస్త వదులు చేసి, తల కింద బట్టలు దట్టించి, గట్టి పెట్టెలో పెట్టండి. దెబ్బ తగిలితే ముందు విరిగేది తలే.

ప్ర: కర్ణాటక సంగీతం ఏడేళ్లు నేర్చుకున్నాను, గాత్రం. గిటార్ మీద గమకాలు పలికించాలని ఉంది. పికప్ ఉన్న చవక గిటార్ సరిపోతుందా? – భీమవరం నుంచి ఒక పాఠకురాలు

జ: మీ పొరుగూరు పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నదీ, ఎనిమిది తీగలకి బదులు ఐదు పెట్టుకున్నదీ గమకం కోసమే కదమ్మా. మామూలు మాండలిన్‌లో నాదం మీటగానే చచ్చిపోతుంది, గమకం పూర్తి కావాలంటే స్వరం నిలవాలి. మీ కష్టం కూడా అదే. ఈ గిటార్‌లో పికప్ నాదాన్ని పెద్దది చేస్తుంది కానీ ఎక్కువసేపు నిలబెట్టదు. తీగలు సన్నవి, 10–47 సెట్ వేయించండి, అరస్వరం తక్కువ శ్రుతికి దించండి, తీగల ఎత్తు పైన చెప్పినదానికన్నా కొంచెం తగ్గించమనండి. జారులు పలుకుతాయి. తీగని పక్కకి లాగి పలికించే పెద్ద గమకాలకి మాత్రం పూర్తి ఎలక్ట్రిక్ గిటారే హాయి, అదీ చవకలో దొరుకుతోంది. కొనేముందు రెండింటి మీదా తోడి రాగంలో గాంధారం ప్రయత్నించండి. ఏది వద్దో అదే చెబుతుంది.

ప్ర: శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో పందిట్లో వాయిస్తుంటే, గిటార్ కేబుల్ ఇనుప భాగం చేతికి తగిలి, మైకు పెదవికి తగలగానే చురుక్కుమంది. ముందు నుంచీ 'గుం' అని హమ్ కూడా ఉంది. సౌండ్ వాళ్లు ప్లగ్‌లో పెద్ద పిన్ను తీసేస్తే హమ్ పోతుందన్నారు, తీసేశాం. గిటార్ మార్చాలా?

జ: గిటార్ జోలికి పోకండి. ఈ ఉత్తరం చదివి నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ పెద్ద పిన్ను ఎర్త్. అది తీసేస్తే, ఆంప్ లోపల ఎక్కడైనా కరెంటు బాడీకి తగిలిన రోజు అది భూమిలోకి పోయే దారి ఉండదు, మీ ఒంట్లోంచి పోతుంది. చురుక్కుమనడంతో ఆగింది, అదృష్టం.

మళ్లీ వాయించేముందు ఆ పిన్ను పెట్టించండి. ఆంప్, మిక్సర్, కీబోర్డు అన్నీ ఒకే బోర్డు నుంచి, ఎర్త్ ఉన్న ఒకే లైను నుంచి తీసుకోండి. ఆంప్ ఒక ఇంటి కరెంటుకి, మిక్సర్ ఎదురింటి కరెంటుకి పెట్టడం పందిళ్లలో మామూలే, అదే ప్రమాదం. ఊరి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ నిజంగా పనిచేస్తోందో చూపించుకోండి, బోర్డు ముందు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. హమ్ పోవాలంటే గిటార్‌కీ మిక్సర్‌కీ మధ్య డీఐ బాక్స్ పెట్టి దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. అది ఆడియో కేబుల్ గ్రౌండ్‌నే విడదీస్తుంది, ఆంప్ ఎర్త్‌ని ముట్టుకోదు. ఇవన్నీ అయ్యేదాకా మైకుకి స్పాంజి తొడుగు వేసినా సరే, ఆ పందిట్లో ప్లగ్ పెట్టి వాయించకండి. పాట ఆపలేమంటే ఆ రోజుకి గిటార్ ముందు మైకు పెట్టుకుని, కేబుల్ లేకుండా వాయించండి.